టిక్ పెట్టింది నేనే

మా నర్సింగ్ కాలేజీ స్కిల్ ల్యాబ్‌కి సెన్సార్లున్న మానికిన్ వచ్చేసరికి ఫైనలియర్ వాళ్ల సీపీఆర్ (ఆగిన గుండెని ఛాతీ నొక్కి, ఊపిరి ఇచ్చి ఆదుకోవడం) ప్రాక్టికల్ అయిపోయి సరిగ్గా వారం. పాత బొమ్మ ఏమీ చెప్పేది కాదు. గట్టిగా నొక్కితే టక్కుమని ఒక చప్పుడు చేసేది, అంతే. కొత్తదాని పక్కన చిన్న స్క్రీన్ ఉంది. ఎంత లోతు నొక్కారు, ఎంత వేగంగా నొక్కారు, నొక్కాక ఛాతీని పూర్తిగా పైకి రానిచ్చారా, ఒక్కో ఊపిరికి ఎన్ని మిల్లీలీటర్ల గాలి లోపలికి వెళ్లింది, అన్నీ గీతలు గీసి చూపిస్తుంది.

కుతూహలం ఆగక ప్రాక్టికల్ పాసైన వాళ్లలో ఎనిమిది మందిని మళ్లీ పిలిచాను. మార్కులు లేవు, ఊరికే చేసి వెళ్లండి అన్నాను. ఆ మాట ఏ స్టూడెంటూ నమ్మదు కాబట్టి మార్కుల షీట్లు అప్పటికే ఆఫీసులో ఇచ్చేశానని కూడా చెప్పాను. మొదలుపెట్టే ముందు ఒకే ఒక్క ప్రశ్న అడిగాను: "ఇప్పుడు వార్డులో ఎవరికైనా గుండె ఆగితే చేయగలరా?" అందరూ చేయగలం అన్నారు. ఒకమ్మాయి మాత్రం "మీరు పక్కనుంటే చేస్తాను మేడమ్" అంది.

ఛాతీ నొక్కడంలో అటూఇటుగా అందరూ గట్టెక్కారు. నొక్కి ఊపిరి ఇచ్చే సంచి, అంబు బ్యాగ్ చేతికి ఇచ్చాక కథ మారిపోయింది. ఎక్కువమందికి గాలి గీత నేలకి అతుక్కుపోయింది. బ్యాగ్ నొక్కుతున్నారు, "ఒకటి, రెండు" అని పైకి లెక్కపెడుతున్నారు, మళ్లీ ఛాతీ దగ్గరికి వెళ్లిపోతున్నారు. గాలంతా మాస్క్ అంచు కిందనుంచి ముక్కు పక్కగా బయటికి పోతోంది. బొమ్మ ఛాతీ కదలలేదు. కదల్లేదని వాళ్లు చూడనూ లేదు.

వాళ్లలో ఒకమ్మాయికి ప్రాక్టికల్‌లో ఆ అంశానికి పూర్తి మార్కులు ఉన్నాయి. షీటు తీసి చూశాను. "అంబు బ్యాగ్‌తో రెండు ఊపిరులు ఇచ్చారు" అనే గడిలో నీలం ఇంకుతో టిక్ ఉంది. ఆ టిక్ పెట్టింది నేనే. అబద్ధమేమీ రాయలేదు. ఆమె నిజంగానే బ్యాగ్‌ని రెండుసార్లు నొక్కింది.

ఆ రోజునుంచీ ఒక విషయం బుర్రలో తిరుగుతోంది. నర్సింగ్ స్టూడెంట్లకి సీపీఆర్ వచ్చా రాదా అని అడగడమే తప్పు ప్రశ్నేమో అని. సీపీఆర్ అనేది ఒక్క పని కాదు. స్పృహ లేదని గుర్తించడం, ఛాతీ నొక్కడం, ఊపిరి దారి తెరిచి గాలి ఇవ్వడం, షాక్ ఇవ్వడం, ఇవన్నీ వేర్వేరు చేతిపనులు. ఒక్కొక్కటీ ఒక్కో రకంగా వస్తుంది, ఒక్కో రకంగా పోతుంది. తప్పు చేసినప్పుడు వెంటనే "తప్పు" అని తిరిగి చెప్పే పనిని పిల్లలు బాగా చేస్తున్నారు. నోరెత్తని పనిని చెడగొడుతున్నారు. నేను గమనించింది ఇంతే. కానీ మేము పెట్టే పరీక్షలు ఈ తేడాను కప్పేస్తున్నాయి.

మాట్లాడే యంత్రం, జవాబిచ్చే ఛాతీ

ముందు తేలికైనది చెప్పేస్తాను. ఏఈడీ, అంటే గుండెకి షాక్ ఇచ్చే యంత్రం. మూత తెరవగానే అదే మాట్లాడుతుంది. ప్యాడ్లు అంటించమంటుంది, దూరంగా ఉండమంటుంది, బటన్ నొక్కమంటుంది. ప్యాడ్ ఎక్కడ అంటించాలో ప్యాడ్ మీదే బొమ్మ ఉంటుంది. మా పిల్లలు దీన్ని దాదాపు తప్పు లేకుండా చేస్తారు. ప్యాడ్లు అంటించేటప్పుడు కంప్రెషన్స్ (ఛాతీ నొక్కడం) ఆపేసి ఇద్దరూ యంత్రాన్నే చూస్తూ నిలబడటం ఒక్కటే వాళ్ల అలవాటు. దాన్ని మాన్పించడానికి పెద్ద సమయం పట్టదు.

ఛాతీ నొక్కడం కొంచెం మధ్యరకం. పెద్దవాళ్లకి కనీసం 5 సెంటీమీటర్ల లోతు, 6 దాటకూడదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ఈ అంకెలు నిద్రలో లేపి అడిగినా చెప్తారు. చేతులకి ఛాతీ ఎంతోకొంత జవాబిస్తుంది: స్ప్రింగ్ తగులుతుంది, మోచేయి వంగితే భుజానికి తెలుస్తుంది. అందుకే ఇది త్వరగా పట్టుబడుతుంది. అయినా తప్పులు లేకపోలేదు. ఒకబ్బాయి నిమిషానికి 140 దగ్గర కొట్టేస్తున్నాడు. స్క్రీన్ చూపిస్తే "స్పీడుగా చేస్తే మంచిదే కదా మేడమ్?" అన్నాడు. ఛాతీ పైకి వచ్చేటప్పుడే గుండెలోకి రక్తం తిరిగి చేరుతుంది, ఆ వ్యవధి ఇవ్వకపోతే ఖాళీ సంచిని పిండినట్టే అని చెప్పాను. పైగా వేగం పెరిగేకొద్దీ లోతు తగ్గిపోతుంది. గీత మీద అది అతనికే కనిపించింది.

ఇంకో అమ్మాయి, సన్నగా ఉంటుంది, ఎంత ప్రయత్నించినా 4 సెంటీమీటర్లు దాటడం లేదు. వారం కిందటైతే "బలం సరిపోలేదు" అని రాసేదాన్నే. ఆ రోజు మందుల అలమారా దగ్గరున్న మెట్ల స్టూలు తెచ్చి మంచం పక్కన వేశాను. భుజాలు సరిగ్గా చేతుల పైకి వచ్చాయి, ఒంటి బరువు దిగింది, గీత 5 దాటింది. లోపం ఆమె చేతుల్లో లేదు, మంచం ఎత్తులో ఉంది. వార్డుల్లో స్టూలు ఎక్కడుంటుందో ఎవరికీ నేర్పం. క్రాష్ కార్ట్‌లో, అంటే అత్యవసర మందుల బండిలో, ఏ డ్రాయర్‌లో ఏ ఇంజెక్షన్ ఉంటుందో మాత్రం బట్టీ పట్టిస్తాం.

అలసట సంగతి కూడా ఇంతే. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలని రూలు. లోతు తగ్గడం చాలామందిలో అంతకంటే ముందే, ఒక నిమిషం దాటగానే మొదలవుతుంది. నొక్కుతున్న మనిషికి మాత్రం ఆ సంగతి తెలీదు. "అలిసిపోయావా?" అంటే "లేదు" అంటారు. గీత కిందకి జారిపోతూనే ఉంటుంది. పక్కన నిలబడి చూసే ట్యూటర్ కంటికి కూడా లోతు సరిగ్గా అందదు. నాకు అందలేదు. ఇన్నేళ్లూ "లోతు సరిపోయింది" అని నేను పెట్టిన టిక్కుల్లో ఎన్ని నిజమో ఇప్పుడు చెప్పలేను.

ఇది స్టూడెంట్ల జబ్బే అనుకుంటే పొరపాటు. 2005లో ఒక ఆసుపత్రిలో నిజంగా జరిగిన గుండె ఆగిన కేసుల్ని సెన్సార్లతో కొలిచారు. అక్కడ చేసింది తర్ఫీదు పొందిన సిబ్బంది. అయినా మూడోవంతుకు పైగా సమయం లోతు చాలలేదు. సగానికి పైగా సమయం ఊపిరులు నిమిషానికి 20 దాటిపోయాయి. సీనియర్లు చేస్తే అనుభవం, జూనియర్లు చేస్తే తప్పు అన్న భేదం ఆ యంత్రాలకి లేదు.

బ్యాగ్ అబద్ధం ఆడుతుంది

ఇక అసలు సంగతి. అంబు బ్యాగ్ 1950లలో వచ్చింది. దానికదే మళ్లీ ఉబ్బే సంచి, ఒక వాల్వు, ఒక మాస్కు. చూడ్డానికి ఇంతకంటే సులువైన పరికరం క్రాష్ కార్ట్‌లో ఇంకోటి లేదు. ఆ సులువే పెద్ద మోసం.

పని మొత్తం బ్యాగ్ నొక్కే చేతిలో లేదు, మాస్క్ పట్టుకున్న చేతిలో ఉంది. బొటనవేలు, చూపుడువేలు ఇంగ్లిష్ C ఆకారంలో మాస్క్ మీద. మిగిలిన మూడు వేళ్లు ఇంగ్లిష్ E ఆకారంలో దవడ ఎముక కింద. మాస్క్‌ని ముఖం మీదకి అదమకూడదు, దవడనే మాస్క్‌లోకి ఎత్తాలి. తల వెనక్కి వాలి ఉండాలి. ఆ మూడు వేళ్లు ఎముకను వదిలి గడ్డం కింద మెత్తటి భాగంలోకి జారితే నాలుక వెనక్కి నెట్టుకుపోయి మనమే దారి మూసేస్తాం. ఇదంతా ఒక్క చేత్తో. రెండో చేత్తో సెకను పాటు, ఛాతీ లేచేంత మాత్రమే నొక్కాలి. పెద్దవాళ్లకి అర లీటరు, కాస్త పైన చాలు. చాలా బ్యాగుల్లో అంతకు రెట్టింపుకి మించి పడుతుంది. అంటే మొత్తం పిండేయకూడదు.

ఇప్పుడు చిక్కు చూడండి. మాస్క్ సరిగ్గా కూర్చుని, దారి తెరుచుకుని, గాలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంటే చేతికి కొంచెం అడ్డు తగులుతుంది. మాస్క్ లీకవుతుంటే బ్యాగ్ హాయిగా, మెత్తగా, చివరిదాకా నొక్కుకుపోతుంది. తప్పు చేసినప్పుడే పని సుఖంగా ఉంటుంది. కొత్తగా నేర్చుకునే మనిషికి ఏమనిపిస్తుంది? "బాగా వెళ్తోంది" అనిపిస్తుంది. నేను ఆ రోజు అడిగినప్పుడు అదే మాట వచ్చింది: "ఈజీగానే వెళ్లింది కదా మేడమ్!"

నా సంగతీ చెప్పాలి కదా. నేను స్టూడెంట్‌గా ఉన్నప్పుడు మెడికల్ వార్డులో ఒకాయనకి గుండె ఆగింది. అందరూ పరిగెత్తుకొచ్చారు. ఎవరో నా చేతిలో అంబు బ్యాగ్ పెట్టారు. ఇక నేను ఆగలేదు. టెన్షన్‌లో నా ఊపిరి ఎంత వేగంగా ఉందో అంత వేగంగా నొక్కాను. ఎంత ఎక్కువ గాలి ఇస్తే అంత మంచిదని అనుకున్నానేమో తెలీదు, అసలు ఏమీ అనుకోలేదేమో కూడా. ఆయన పొట్ట ఉబ్బుతోంది. వార్డు సిస్టర్ వచ్చి నా మణికట్టు పట్టుకుని ఆపింది. అరవలేదు. "అమ్మాయీ, గాలి ఎక్కడికి పోతోందో చూశావా?" అంది. అప్పుడు చూశాను. అంతవరకూ నా కళ్లు బ్యాగ్ మీదే ఉన్నాయి.

ఆవిడ నా చేతుల్ని తోసేయకుండా, మాస్క్‌ని తన రెండు చేతులతో పట్టుకుని, బ్యాగ్ నాకే వదిలేసింది. "నేను చెప్పినప్పుడు నొక్కు." ఛాతీ లేచింది. ఆయన బతకలేదు. నా వల్లేనా అంటే కాదనే అన్నారు అందరూ, జబ్బు అలాంటిది అన్నారు. నేనూ అలాగే అనుకుంటాను. పూర్తిగా కాదు.

తరవాత చదివి తెలుసుకున్నది, ఆ వేగం నా ఒక్కదానిదే కాదని. 2004లో వచ్చిన ఒక పరిశోధనలో, గుండె ఆగినవాళ్లకి అత్యవసర సిబ్బంది సగటున నిమిషానికి 30 ఊపిరులు ఇస్తున్నట్టు తేలింది. ఊపిరి గొట్టం వేశాక ఇప్పుడు ఇవ్వమనేది 10, అంటే ఆరు సెకన్లకి ఒకటి. ఎక్కువ ఊపిరులు ఇచ్చేకొద్దీ ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకి రక్తం తిరిగి రాదు. కంప్రెషన్స్ చేసేవాళ్ల కష్టాన్ని తల దగ్గర నిలబడ్డ మనిషి వృథా చేస్తున్నట్టు లెక్క. ఆరు సెకన్లు ఎంత పొడుగో, చేతిలో బ్యాగ్ పట్టుకుని ఎదురుచూసినవాళ్లకే తెలుస్తుంది.

ఊపిరి అంత ముఖ్యమా?

నా తోటి ట్యూటర్ ఒకావిడ దీనికి అడ్డం తగిలింది. "దారిన పోయేవాళ్లకి ఛాతీ నొక్కితే చాలు, నోటితో ఊపిరి ఇవ్వక్కర్లేదు అంటున్నారు. 2010 నుంచి వరస కూడా మారి, కంప్రెషన్స్ ముందుకి వచ్చాయి. నువ్వు మళ్లీ ఊపిరి పట్టుకుని వేలాడతావేం?" అంది.

మాటలో బలం ఉంది. పెద్దవాళ్లలో గుండె లయ తప్పి ఒక్కసారిగా ఆగిపోతే రక్తంలో అప్పటికే ఉన్న ఆక్సిజన్ కొన్ని నిమిషాలు ఆదుకుంటుంది. అప్పుడు ఆపకుండా నొక్కడం, త్వరగా షాక్ ఇవ్వడం, ఈ రెండే ప్రాణం. షాక్ ఇవ్వడం ఒక్కో నిమిషం ఆలస్యమైతే, ఈలోగా కంప్రెషన్స్ కూడా లేకపోతే, బతికే అవకాశం 7 నుంచి 10 శాతం చొప్పున పడిపోతుంది. రోడ్డు మీద కనబడ్డ మనిషికి ఊపిరి ఇవ్వడానికి వెనకాడి అసలేమీ చేయకపోవడం కంటే, ఊరికే నొక్కడం వెయ్యిరెట్లు మేలు. ఆ సలహా పుట్టింది అందుకే.

కానీ మా పిల్లలు రోడ్డు మీద పోయేవాళ్లు కారు. వాళ్లు పనిచేయబోయేది వార్డుల్లో. అక్కడ చాలా కేసుల్లో ముందు ఊపిరి చెడుతుంది, గుండె ఆ తరవాత ఆగుతుంది. న్యుమోనియా, మత్తుమందు ఎక్కువవడం, నీట మునిగినవాళ్లు, చిన్నపిల్లలు. అప్పటికే ఆక్సిజన్ అయిపోయిన రక్తాన్ని ఎంత బాగా తిప్పితే మాత్రం ఏం లాభం? అప్పుడే పుట్టిన బిడ్డ దగ్గరైతే ఊపిరే మొదటి మందు. మూడు కంప్రెషన్లకి ఒక ఊపిరి అనే లెక్క కూడా, గాలి సరిగ్గా ఇచ్చాక గుండె ఇంకా లేవకపోతేనే వస్తుంది.

పసిపిల్లల మాట వచ్చింది కాబట్టి ఒక పక్కదారి. ఏళ్ల తరబడి నేను రెండు వేళ్లతో నొక్కడం నేర్పాను. రెండు చేతులతో ఛాతీని చుట్టి బొటనవేళ్లతో నొక్కితే లోతు బాగా వస్తుందని చాలాకాలంగా చెప్తూనే ఉన్నారు. 2025 అమెరికన్ మార్గదర్శకాల్లో రెండు వేళ్ల పద్ధతిని తీసేశారు కూడా. నా దగ్గర రెండు వేళ్లు నేర్చుకుని వెళ్లిన బ్యాచులు ఎక్కడెక్కడ పనిచేస్తున్నాయో! వాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పలేను కదా.

మళ్లీ దారికొస్తే, ఇంకో అభ్యంతరం స్టూడెంట్లదే. "బొమ్మ ముఖానికి మాస్క్ కూర్చోదు మేడమ్, మనిషికైతే కూర్చుంటుంది." సగం నిజం. ప్లాస్టిక్ చెంప మెత్తగా ఒదగదు. కానీ నిజం మనుషులకి గడ్డాలుంటాయి, పళ్లు ఊడిపోయి బుగ్గలు లోపలికి పోయి ఉంటాయి, వాంతి తడి ఉంటుంది. కట్టుడు పళ్లు గట్టిగా ఉంటే తీయకుండా ఉంచితేనే మాస్క్ బాగా కూర్చుంటుందని ఎంతమందికి చెప్పాం?

దీనికంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన సందేహం వేరే. చిన్న చేతులున్న అమ్మాయిలకి ఒంటిచేతి పట్టు అసలు న్యాయమేనా? మార్గదర్శకాలూ ఇద్దరు చేసే పద్ధతినే మెచ్చుకుంటాయి: ఒకరు రెండు చేతులతో మాస్క్ పడతారు, రెండోవాళ్లు నొక్కుతారు. ఆనాడు ఆ సిస్టర్ నాతో చేయించింది అదే. ఆ ఎనిమిది మందినీ జంటలుగా కూర్చోబెట్టి మళ్లీ చేయించాను. గాలి గీత దాదాపు అందరికీ లేచింది. మరి ప్రాక్టికల్‌లో ఒక్కరితోనే ఎందుకు చేయిస్తున్నాం? మార్కులు ఒక్కొక్కరికి వేయాలి కాబట్టి. అంతకుమించి కారణం నాకు కనబడలేదు.

ఆరు నిమిషాలు

నేర్చుకున్నది నిలబడకపోవడం ఇంకో తలనొప్పి. ఒక రోజు వర్క్‌షాపు, చేతిలో సర్టిఫికెట్, రెండేళ్ల దాకా చెల్లుబాటు. చేతికి మాత్రం రెండేళ్లు గుర్తుండదు. అమెరికాలో 10 నర్సింగ్ కాలేజీల్లో 600 మందికి పైగా స్టూడెంట్ల మీద ఒక అధ్యయనం చేశారు, 2011లో అచ్చయింది. కొందరికి నెలకి ఆరు నిమిషాలు, తప్పు చేస్తే నోటితో చెప్పే మానికిన్ మీద ప్రాక్టీసు. మిగతావాళ్లకి ఏమీ లేదు. ఏమీ లేనివాళ్లు ఇచ్చిన గాలి సగటున ఏడాది పొడుగునా సరిపడా కొలతకి చేరలేదు. లోతుగా నొక్కే నేర్పు చాలా నెలలు నిలబడి, ఏడాది చివరికొచ్చేసరికి తగ్గింది. ఆరు నిమిషాల వాళ్లు మాత్రం నిలబెట్టుకున్నారు.

నేను ల్యాబ్‌లో చూసినదాని వెనక లెక్క ఇక్కడ దొరికింది. రెండు నైపుణ్యాలు, రెండు వేర్వేరు దారులు, మేము ఇచ్చేది ఒకటే సర్టిఫికెట్.

నెలకి ఆరు నిమిషాలు అనగానే మా దగ్గర వచ్చిన మొదటి జవాబు, "టైమ్‌టేబుల్‌లో ఖాళీ లేదు." ఆరు నిమిషాలకి కూడా ఖాళీ లేని టైమ్‌టేబుల్‌లో రోగి పక్క ఎలా పరచాలో నేర్పడానికి వారాలు ఉన్నాయి. పక్క పరచడం అక్కర్లేదనను, పుండ్లు పడకుండా చూసేది అదే. కానీ వరస ఎక్కడో తిరగబడింది.

స్క్రీన్ మీద నాకూ పూర్తి నమ్మకం లేదు. ఒకబ్బాయి మూడో వారానికల్లా బొమ్మ వైపు చూడటం మానేసి, గీత పచ్చగా ఉందా లేదా అనే చూస్తున్నాడు. స్క్రీన్ మీద గుడ్డ కప్పగానే బ్యాగ్ వేగం పెరిగిపోయింది. వార్డులో ఏ రోగి పక్కనా ఆ గీత ఉండదు. అందుకే ఇప్పుడు మొదటి రెండు నిమిషాలు స్క్రీన్ తెరిచి, తరవాత మూసి, చివర్లో తెరిచి చూపిస్తున్నాను. ఇదే సరైన పద్ధతని పందెం కాయను. చేసి చూస్తున్నాను.

చెక్‌లిస్టులో ఒక గడి మార్చాను. "రెండు ఊపిరులు ఇచ్చారు" తీసేసి "రెండుసార్లూ ఛాతీ లేచింది, లేవకపోతే తల, మాస్క్ సరిచేసుకున్నారు" అని రాశాను. దీని మీద మీటింగులో అరగంట వాదన జరిగింది. ఫెయిలయ్యేవాళ్లు పెరుగుతారని ఒకరు, మరీ కఠినమని ఒకరు. పెరిగారు కూడా. ఫెయిలైనవాళ్లని మళ్లీ చేయించడానికి నేను అదనంగా రెండు మధ్యాహ్నాలు ల్యాబ్‌లోనే ఉండిపోయాను.

ఆ రెండో మధ్యాహ్నం, "మీరు పక్కనుంటే చేస్తాను" అన్న అమ్మాయి వచ్చింది. స్క్రీన్ మీద గుడ్డ కప్పే ఉంది. మాస్క్ పెట్టి ఒకసారి నొక్కింది. నేనేమీ అనలేదు. ఆమె ఆగి, నొక్కే చేతిని తెచ్చి మాస్క్ అంచు చుట్టూ పెట్టి చూసుకుంది. ముక్కు పక్కన, తన మణికట్టుకి చల్లగా గాలి తగిలినట్టుంది. చేయి అక్కడే కాసేపు ఉంచింది. తరవాత మూడు వేళ్లూ దవడ ఎముక మీదకి జరిపి, తల ఇంకొంచెం వెనక్కి వాల్చి, మళ్లీ నొక్కింది. "ఇప్పుడు కొంచెం గట్టిగా ఉంది మేడమ్" అంది, బొమ్మ ఛాతీ మీదనుంచి కళ్లు తీయకుండా.